రెండు తోకలు, నాలుగు పూతలు

ఊళ్లో బోర్డులు రాసే పెయింటరుని అందరూ మందపాటి అని పిలిచేవారు. కొత్తవాళ్లు అది ఇంటిపేరనుకుని మర్యాదగా చివర 'గారు' కూడా తగిలించేవారు. అది ఇంటిపేరు కాదు, ఆయన వేసే పూత. ప్రైమరు మీద మూడు పూతలకి తక్కువైతే బోర్డు బట్టల్లేకుండా బజార్లో నిలబడ్డట్టుంటుందని ఆయన సిద్ధాంతం. ఆయన రాసిన అక్షరాల్ని కళ్లు మూసుకుని తడిమి చదవొచ్చని ఊళ్లో ఒక మాట ఉండేది. ఒకచోట చెప్పుల దుకాణం మూతబడి మందుల దుకాణం వచ్చింది, అదీ మూతబడి సెలూను వచ్చింది. అయినా సెలూను పేరు కింద చెప్పుల దుకాణం పేరు ఉబ్బుగా కనబడుతూనే ఉంది. సెలూనువాడు గీకించబోయాడు. గీకేవాడి ఉలి విరిగింది. ఆ ఉలి సంగతి పెయింటరు ఏడాది పాటు నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఆయనకి యాభై మూడేళ్లు. పొట్టి మనిషి, పొడుగు చేతులు. గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఆ గోళ్లు చూసి, ఈ వారం ఎవరి దుకాణం బోర్డు రాస్తున్నాడో చెప్పేసేది వాళ్లక్క.

అక్కాతమ్ముళ్లు ఒకే ఇంట్లో ఉండేవారు. అక్క తూనికలు కొలతల శాఖలో ముప్ఫై రెండేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైంది. ఆవిడ వీధి మొదట్లో కనబడితే వీధి చివర త్రాసులు వాటంతటవే బుద్ధి తెచ్చుకునేవి. దుకాణాలవాళ్లు ఆవిడకి మిల్లీగ్రాములమ్మ అని పేరు పెట్టారు, ఆవిడ వెనక్కి తిరిగాక పిలవడానికి. పెళ్లి చేసుకోలేదు. చూడటానికొచ్చిన పెద్దమనిషి తన వయసు రెండేళ్లు తగ్గించి చెప్పాడట. తూకంలోనే మోసం చేసేవాడితో కాపురమేంటని లేచి లోపలికెళ్లిపోయింది. తమ్ముడికీ పెళ్లి కాలేదు. ఎందుకో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఒకే తల్లి కడుపున పుట్టినా, ఒకరు చెంచాలో పంచదారని కత్తి అంచుతో చదును చేసి టీలో వేసుకునే మనిషి, ఇంకొకరు డబ్బా వంచేసే మనిషి. ఆ ఇంట్లో తగువులన్నీ దాని మీదే. అక్క ఎంత చెప్పినా తమ్ముడిది ఒకటే జవాబు: "ఎక్కువైతే ఎవరూ చచ్చిపోరే అక్కా."

ఆ మాట ఎంత తప్పో ఆయనకి తెలిసొచ్చింది ఒక పంటి నొప్పి వల్ల.

కింది దవడలో చివరి పన్ను మూడ్రోజులు తిండి తిననివ్వకపోతే పళ్ల డాక్టరు దగ్గరికెళ్లాడు. డాక్టరు అప్పటికి విమానం కొని రెండు నెలలైంది. నాలుగు సీట్లది, పాతది, పెయింటరు కంటే నాలుగైదేళ్లు చిన్నదేమో. ఆ విమానం ఊసు ఇంట్లో ఎత్తితే భార్య లేచి వెళ్లిపోయేది. క్లబ్బులో ఎత్తితే స్నేహితులు లేచి వెళ్లిపోయేవారు. లేచి వెళ్లలేనివాళ్లు లోకంలో ఒక్క రోగులే కాబట్టి ఆయన వాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు. సూది గుచ్చి, మత్తెక్కేదాకా ఒక భాగం. పట్టకారు పెట్టాక రెండో భాగం.

మామూలు విమానానికి తోక దగ్గర మూడు రెక్కలుంటాయి, ఒకటి నిలువుగా, రెండు అడ్డంగా. నిలువుది ముక్కుని కుడికీ ఎడమకీ తిప్పుతుంది, అడ్డంవి పైకీ కిందకీ వంచుతాయి. ఈ విమానం గీసిన మహానుభావుడు మాత్రం మూడెందుకు దండగ అని రెండే పెట్టాడు. ఆ రెండూ చెరోవైపుకీ ఏటవాలుగా లేచి, ఇంగ్లీషు వి అక్షరంలా ఉంటాయి. ఆ రెండే మూడింటి పనీ చేస్తాయి. బరువు తక్కువ, గాలికి అడ్డం తక్కువ, వేగం ఎక్కువ. ఇదంతా డాక్టరు పెయింటరు నోట్లో అద్దం, దూది, ఉమ్ము లాగే గొట్టం, తన రెండు వేళ్లూ పెట్టి చెప్పాడు.

"తోకంతా ఎర్రగా ఉండాలి. మీద తెల్లటి నంబరు, దూరానికి కూడా కనబడేట్టు. ఊళ్లో మీకంటే బాగా రాసేవాళ్లు లేరంట కదా. రాస్తారా?" అని అడుగుతూ పన్ను ఊడబెరికాడు.

"ఆఁ," అన్నాడు పెయింటరు, నొప్పికి.

పెయింటరు ఒప్పుకున్నాడని డాక్టరు అనుకున్నాడు. నోట్లో దూది ఉన్న మనిషి ఎలా కాదంటాడు?

ఊరి చివర గడ్డి మైదానం పక్కన పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. అందులో ఆరు చిన్న విమానాలు, వాటన్నిటికీ ఒకే మెకానిక్. అరవై దాటినవాడు, సన్నగా, జేబుకి మూడు పెన్నులు. ఎవరేమడిగినా 'ఊఁ' తప్ప మాట్లాడడు. మెచ్చుకున్నా ఊఁ, తిట్టినా ఊఁ. అందుకని అందరూ ఆయన్ని ఊఁ గారు అనేవారు. పిలిస్తే దానికీ 'ఊఁ' అనేవాడు.

పెయింటరు విమానాన్ని వెనక నుంచి చూశాడు. అక్షరాల మనిషి కాబట్టి ముందు అక్షరమే కనబడింది. తరవాత, బళ్లో రెండో పనికి సెలవడిగే పిల్లాడు రెండు వేళ్లెత్తి నిలబడ్డట్టు కనబడింది. ఇంత ఖరీదైన వస్తువు అంత అవస్థలో ఉన్నట్టు కనబడేసరికి ఆయనకి దాని మీద జాలేసింది. దగ్గరికెళ్లి పాత రంగు మీద గోరు పెట్టి చూశాడు. ఉల్లిపొర మందాన ఉంది. ఇది వేసినవాడికి ఆ పూట ఇంట్లో తిండి పెట్టలేదు కాబోలు అనుకున్నాడు.

రెండు తోకల వెనక భాగంలోనూ మడతబందుల మీద కిందకీ మీదకీ ఆడే పలక ఒకటుంది. ఊఁ గారు ఆ పలకని వేలితో ముట్టుకుని, "ఇక్కడ పల్చగా," అన్నాడు. ఆ రోజుకి పెయింటరుకి అదే ఆయన ఉపన్యాసం. ఆ సాయంత్రమే చెల్లెలి కూతురి పెళ్లికని పది రోజులు సెలవు పెట్టి వెళ్లిపోయాడు.

పల్చగా వెయ్యమని పెయింటరుకి చెప్పినవాళ్లు అంతకుముందు చాలామంది ఉన్నారు. అందరూ పిసినారులే. ఈయన్నీ ఆ జాబితాలో చేర్చుకున్నాడు. గుంటలు పడ్డచోట లప్పం పెట్టాడు. ప్రైమరు వేశాడు. ఎరుపు ఒక పూత, ఆరాక రెండో పూత, ఆరాక మూడో పూత. మూడో పూత ఆరాక వెనక్కి జరిగి చూస్తే, పొద్దుటి ఎండ రేకుల సందులోంచి తోక మీద పడి నిప్పులా మెరిసింది. ముప్ఫై ఏళ్లుగా మురిక్కాలవల పక్కన బోర్డులు రాసిన మనిషి, మొదటిసారి తన రంగు ఆకాశంలోకి పోతుందనుకున్నాడు. ముచ్చటేసి నాలుగో పూత కూడా వేశాడు. దాని మీద తెల్లటి నంబరు, రెండుసార్లు దిద్ది.

డాక్టరు చూసి పొంగిపోయాడు. ఊఁ గారు వచ్చేదాకా ఆగలేకపోయాడు. ఆదివారం పొద్దున్నే పెయింటరుని విమానం ఎక్కించుకుంటానన్నాడు. అక్క ఖాళీ కడుపుతో వెళ్లమంది. పెయింటరు ఆరు రొట్టె ముక్కలు, రెండు అరటిపళ్లు, ఒక పెద్ద గ్లాసుడు పాలు పుచ్చుకుని వెళ్లాడు.

ముందు సీట్లో డాక్టరు పక్కన డాక్టరు టోపీ, కెమెరా సంచీ ఉన్నాయి. కాబట్టి పెయింటరుకి వెనక సీటు దక్కింది. ఆ జాతి విమానాల తోక గాలిలో కుడికీ ఎడమకీ ఊగుతుందనీ, ఆ ఊపంతా వెనక కూర్చున్నవాడికే చేరుతుందనీ డాక్టరుకి తెలుసు. చెప్పలేదు. మైదానం దాటి పైకి లేవగానే మొదలైంది. యజమాని వచ్చినప్పుడు కుక్క తోకతోపాటు నడుమంతా ఊపినట్టు విమానం ఊగుతోంది. కింద ఊరు అందంగానే ఉండి ఉంటుంది. పెయింటరు చూడలేదు. ఎదుటి సీటు వీపు మీద కుట్లు లెక్కపెడుతున్నాడు.

"ఇప్పుడు చూడండి దీని వేగం," అన్నాడు డాక్టరు.

వేగం పెరిగేకొద్దీ ఊపు తగ్గి, దాని బదులు సన్నటి వణుకొకటి మొదలైంది. ముందు సీటు కింద, తరవాత కాళ్ల కింద, తరవాత డాక్టరు చేతిలో ఉన్న చక్రంలో. డబ్బాలో పడ్డ కందిరీగలా ఝుమ్మంటోంది. దీని తోకకి కాస్త పొగరెక్కువ అని డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాలేదు. ఆరు రొట్టె ముక్కలూ, రెండు అరటిపళ్లూ, పెద్ద గ్లాసుడు పాలూ వెనక నుంచి వచ్చి కొత్త సీటు మీదా, టోపీ మీదా, డాక్టరు కుడి భుజం మీదా పడ్డాయి.

డాక్టరు పెట్టిన కేక ఇంజను మోతని మించింది. వేగం అమాంతం తగ్గించేసి, కిటికీ మూల చిన్న సందు తెరిచి అక్కడ ముక్కు పెట్టి, ఊరంతా వినేలా గొణుగుతూ విమానాన్ని మైదానం వైపు తిప్పాడు. కందిరీగ ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరూ గమనించలేదు. దిగాక రెండు గంటలపాటు పెయింటరు సీట్లు కడిగాడు. డాక్టరు టోపీని చెత్తకుండీలో పారేశాడు.

మర్నాడు ఊఁ గారు సెలవు నుంచి వచ్చాడు. నంబరు ఒకచోట కారిందని దిద్దడానికి పెయింటరు, సీటు వాసన చూసుకోవడానికి డాక్టరు అక్కడే ఉన్నారు. ఊఁ గారు ఎర్ర తోకని చూశాడు. ఒక వేలితో వెనక పలక అంచుని పైకెత్తి వదిలాడు. పలక టపీమని కిందపడింది. మళ్లీ ఎత్తి వదిలాడు. మళ్లీ పడింది.

"ఎన్ని పూతలు?"

"మూడు," అన్నాడు పెయింటరు. ఊఁ గారు చూస్తూనే ఉన్నాడు. "నాలుగు."

"నాలుగోది ఎందుకు?"

"ముచ్చటేసి."

ఊఁ గారు డాక్టరు వైపు తిరిగాడు. వణుకు వచ్చిందా అని అడిగాడు. వచ్చిందన్నాడు డాక్టరు. ఎంత వేగం దగ్గర అని అడిగాడు. డాక్టరు అంకె చెప్పాడు. ఊఁ గారు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు ఆ షెడ్డులో ఎవరూ ఎన్నడూ వినంత పెద్ద మాట మాట్లాడాడు.

"ఆ పలక మడతబందు మీద తూగాలి. త్రాసులా. బందుకి వెనక బరువు పెరిగితే గాల్లో కొట్టుకోవడం మొదలెడుతుంది. ఒకసారి మొదలెట్టాక, నువ్వు ఒకటీ రెండూ అనేలోగా తోక ఊడిపోద్ది. ముందు వణుకు వస్తుంది. ఆ వణుకు వచ్చాక బతికొచ్చి చెప్పినవాళ్లు నాకు తెలిసి తక్కువ. ఎలా ఆగింది?"

డాక్టరు పెయింటరు వైపు చూశాడు. పెయింటరు నేల వైపు చూశాడు.

"ఈయన వాంతి చేసుకున్నాడు," అన్నాడు డాక్టరు. "వేగం తగ్గించాను."

"ఊఁ," అన్నాడు మెకానిక్. "సీటు కడిగేశారా?"

"కడిగాం."

"దానికి దండం పెట్టి కడగాల్సింది."

డాక్టరు మొహం దూదిలా పాలిపోయింది. ఆ తరవాత ఎర్రబడింది. తప్పంతా పెయింటరుదేనని, ఇలాంటివాడి చేతికి తోక అప్పగించడం తన బుద్ధితక్కువ పని అని అరిచాడు. సెలవుకి వెళ్తూ నేను వచ్చేదాకా ఎగరొద్దని ఎవరికి చెప్పానని ఊఁ గారు అడిగితే చల్లబడ్డాడు. ఆయన చెప్పింది డాక్టరుకే. డాక్టరు దానికి 'ఊఁ' అన్నాడు కూడా.

పెయింటరు ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని లేచేశాడు. అక్క ఏమైందని అడిగితే అంతా చెప్పాడు. తను పూసిన తోకతో తనే ఆకాశంలోకెళ్లిన సంగతి కూడా దాచలేదు. అక్క తిడుతుందనుకున్నాడు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"సరే. ఇద్దరు మనుషుల్ని చంపబోయావు. ఎన్ని గ్రాములతో?"

తెలీదన్నాడు.

"తెలీదా?" అంది. అప్పుడొచ్చింది కోపం. "చంపేవాడివి, ఎంతతో చంపుతున్నావో కూడా చూసుకోవా?"

ఆ తరవాత రెండ్రోజులు ఆయన ఊరంతా తిరిగాడు. కుంచె లేకుండా, ఒక నిచ్చెనా స్పానరూ పట్టుకుని. తను రాసిన ప్రతి బోర్డు కిందా నిలబడి పైకి చూశాడు. మూడేసి పూతలు, కొన్నిటికి ఐదు కూడా. వాటి కింద మనుషులు కూరగాయలు బేరమాడుతున్నారు, పిల్లల జుట్టు దువ్వుతున్నారు, ఫోన్లో ఎవరినో తిడుతున్నారు. ఎవరూ పైకి చూడటం లేదు. ఆయన ఒక్కో బోర్డూ ఎక్కి మేకులూ బోల్టులూ లాగి చూశాడు. పుస్తకాల దుకాణం బోర్డుకి ఒక వైపు మేకు తుప్పు పట్టి వేలితో లాగితే వచ్చేసింది. ఆ చేత్తోనే బోర్డుని అలా పట్టుకుని, దుకాణంవాడు కొత్త బోల్టు తెచ్చేదాకా పావుగంట నిచ్చెన మీద నిలబడ్డాడు. చెయ్యి లాగేసింది. దించలేదు.

మూడోరోజు షెడ్డుకెళ్లి రంగు తీసేస్తానన్నాడు. కూడా అక్క వచ్చింది. ఎవరూ పిలవలేదు. చెక్కపెట్టెలో పెట్టిన చిన్న త్రాసు చంకలో పెట్టుకుని, బస్సు దిగి, గడ్డిలో నడుచుకుంటూ వచ్చింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు కానీ, కడగడం అంత కష్టమని ఆయనకి తెలీదు. ఆ పలకల రేకు అట్టకంటే పల్చన. ఇనుముతో గీకకూడదు, గీత పడితే రేకు లోలోపలే పిండైపోతుంది, మళ్లీ కొనాలంటే దొరకదు. మందు రాసి, రంగు ఉబ్బేదాకా ఆగి, చెక్క పుల్లతో, గుడ్డతో, చంటిపిల్లకి తల తుడిచినట్టు తుడవాలి. తొమ్మిది రోజులు పట్టింది. జీవితంలో మొదటిసారి తన రంగు తనే తీశాడు. రెండో రోజుకి చేతులు మండాయి. నాలుగో రోజుకి, ఇంత బాగా ఎందుకు వేశానురా దేవుడా అని పైకే అనేశాడు. పక్కన టీ తాగుతున్న ఊఁ గారికి పొలమారింది.

పలకలు ఊడదీసి, రంగు తీయకముందూ తీశాకా అక్క తూచింది. కుడి పలక మీద నాలుగు వందల పన్నెండు గ్రాములు, ఎడమ పలక మీద నాలుగు వందల నలభై. ఆవిడ ఆ రెండంకెలూ కాయితం మీద రాసి తమ్ముడి చేతికిచ్చింది.

"రెండు వైపులా ఒక్కలా కూడా వెయ్యలేదు," అంది.

ఊఁ గారికి ఆవిడంటే మొదట్లో చిరాకు. షెడ్డులో ఆయన త్రాసు ఆయనకుంది, దాని బరువులు ఆయనకున్నాయి. రెండో రోజే ఆవిడ ఆ బరువులు ఒక్కొక్కటీ తన త్రాసులో వేసి చూసి, వంద గ్రాముల బరువు రెండు గ్రాములు తక్కువుందని చెప్పింది. ఆయన ఊఁ కూడా అనలేదు. రెండ్రోజులు అనలేదు. ఆ మర్నాడు ఆ బరువుని గుడ్డతో తుడిచి తెచ్చి, ఆవిడ ముందు బల్ల మీద పెట్టి, "ఇరవయ్యేళ్లు," అన్నాడు. ఇరవయ్యేళ్లుగా తప్పు బరువుతో తూచానని ఆవిడ దాన్ని అర్థం చేసుకుంది. మనసు పాడు చేసుకోవద్దనీ, తన ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద తేడాలు చూశాననీ చెప్పింది. అప్పటి నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర టీ తాగడం మొదలుపెట్టారు. ఆయన 'ఊఁ' అనేవాడు, ఆవిడ దానికి జవాబు చెప్పేది. వాళ్లేం మాట్లాడుకుంటున్నారో పెయింటరుకి అర్థమయ్యేది కాదు.

ఒకరోజు ఆవిడే ఆ తోకని తేరిపార చూసి, తమ ఆఫీసులోనూ ఒకసారి ముగ్గురు గుమాస్తాల పని ఇద్దరికిచ్చారని చెప్పింది. ఏమైందని డాక్టరు అడిగాడు. ఇద్దరూ సెలవు పెట్టారంది.

కొత్త రంగు స్ప్రే గన్నుతో వెయ్యాలన్నాడు ఊఁ గారు. పెయింటరు దృష్టిలో అది తుమ్మే యంత్రం, పని చేతకానివాళ్లు పట్టుకునేది. నోరు మూసుకుని పట్టుకున్నాడు. అసలు పలకల మీద వెయ్యడానికి ముందు అదే కొలత రేకు ముక్కల మీద వేసి చూపించమంది అక్క. ఒక్కో ముక్కనీ రంగుకి ముందు తూచేది, ఆరాక తూచేది. మొదటిది చూసి పక్కన పడేసింది. రెండోదీ అంతే. ముప్ఫై ఏళ్ల చెయ్యి ఒక్కసారిగా మాట వినదు. ఇక చాలు అని బుర్ర చెప్పినా, ఇంకొక్కసారి అని మణికట్టు కదిలిపోయేది. ఏడో ముక్క దగ్గర గన్ను కింద పెట్టేసి బయటికెళ్లి గడ్డిలో కూర్చున్నాడు. అక్క వెళ్లి పక్కన నిలబడింది.

"అమ్మ నీకు అన్నం పెడుతూ ఇంకొంచెం ఇంకొంచెం అనేది. నీ చేతిది ఆ జబ్బే," అంది. "అది ప్రేమే, కాదన్ను. తోకకి అక్కర్లేదు."

ఆయన లేచి లోపలికెళ్లాడు. పన్నెండో ముక్కని ఆవిడ త్రాసులో పెట్టి, కళ్లజోడు సర్దుకుని, ఊఁ గారికి అందించింది. ఆయన 'ఊఁ' అన్నాడు. ఆ ఊఁ మిగతా ఊఁల్లాంటిది కాదని షెడ్డులో అందరికీ తెలిసింది.

రంగు వేసిన పలకల్ని మడతబందుల దగ్గర రెండు కత్తి అంచుల మీద ఆన్చి వేలాడదీశారు. ఊఁ గారు వెనక అంచు కింద త్రాసు పెట్టాడు, అక్క వంగి ముల్లు చదివింది. విమానం పుస్తకంలో రాసిన హద్దులోకి రెండు పలకలూ వచ్చాయి. పెయింటరు అప్పటిదాకా ఊపిరి బిగబట్టి ఉన్నాడు. వదిలితే ఆ గాలికి ముల్లు కదులుతుందని అక్క ఆయన్ని ముందే బయటికి పంపేసింది. కిటికీలోంచి చూశాడు.

డాక్టరు వచ్చి, తోక చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పల్చటి పూతలో ఎరుపు కాస్త వెలిసినట్టుంది.

"ఇదేంటండీ, చిగుళ్ల రంగులో ఉంది?"

"మీకు అలవాటైన రంగేగా," అంది అక్క.

అంతటితో వదల్లేదు. విమానంలో ఎవరెవరు ఎంత బరువుతో ఎక్కుతారో రాసే కాయితం అడిగి తీసుకుంది. ఆ జాతి విమానంలో వెనక బరువు పెరిగితే అసలుకే మోసం అని ఊఁ గారు ఆవిడకి చెప్పి ఉన్నాడు, నాలుగు రోజులు పట్టినా చెప్పాడు. కాయితంలో డాక్టరు బరువు డెబ్బై రెండు కిలోలని ఉంది. షెడ్డు మూల గోనెసంచులు తూచే త్రాసు ఎక్కమంది. డాక్టరు నవ్వి, అవసరం లేదన్నాడు. ఆవిడ నవ్వలేదు. ముప్ఫై రెండేళ్లపాటు బియ్యం వర్తకుల్ని ఎక్కించిన చూపుతో చూసింది. డాక్టరు చెప్పులు విప్పి ఎక్కాడు. ఎనభై ఆరు.

"పద్నాలుగు కిలోల తేడా," అంది ఆవిడ. "నా సర్వీసులో ఇదే పెద్దది."

అప్పటి నుంచి ఆ షెడ్డులో ఎవరు ఏ విమానం ఎక్కాలన్నా ముందు ఆ త్రాసు ఎక్కాల్సిందే. దానికి ఎవరూ ఆవిడని నియమించలేదు. వారానికి మూడు పొద్దులు వచ్చేది, బల్ల దగ్గర కూర్చునేది, తూచేది. పైలట్లు ఆ మూడు రోజులూ తిండి మానేసి వచ్చేవారు. ఆ బల్ల మీద రెండో కప్పు ఎప్పుడొచ్చిందో, అది ఎవరు కొన్నారో పెయింటరు అడగలేదు. ఒకసారి ఇంట్లో అక్క ఏదో ఆలోచిస్తూ, అడిగినదానికి 'ఊఁ' అంది. ఆయన నవ్వాపుకోవడానికి వంటింట్లోకెళ్లిపోయాడు.

మిగతా ఐదు విమానాలవాళ్లూ నంబర్లు పెయింటరు చేతే రాయించుకున్నారు. ఊళ్లో బోర్డులు మాత్రం ఆయన పాత పద్ధతిలోనే రాశాడు, మూడు పూతలు. అయితే రాసిన ప్రతిదానికీ బోల్టులు తనే దగ్గరుండి బిగించేవాడు. దుకాణాలవాళ్లు అదేం చాదస్తమని విసుక్కుంటే, గాల్లో ఉన్నవాటితో తనకి అనుభవం ఉందనేవాడు.

వేసవి పోయాక డాక్టరు ఆయన్ని మళ్లీ రమ్మన్నాడు. ఈసారి ముందు సీటు. అక్క తమ్ముణ్ని తూచి, అరవై ఒకటి అని రాసి, ఏం తిన్నావని అడిగింది. ఏమీ తినలేదన్నాడు. నిజమే, భయానికి ముద్ద దిగలేదు. విమానం లేచింది. తోక మామూలుగా ఊగింది, అది దాని జన్మహక్కు. డాక్టరు వేగం పెంచాడు. పెయింటరు రెండు అరిచేతులూ సీటు మీద ఆన్చి, వణుకు కోసం వెతికాడు. రాలేదు. ఇంకొంచెం పెంచాడు. రాలేదు. అప్పుడు తల తిప్పి కిందకి చూశాడు.

ఊరు అరచెయ్యంత ఉంది. వీధులు గుర్తుపట్టాడు. తన బోర్డులన్నీ వీధి వైపు తిరిగి ఉన్నాయి కాబట్టి పైనుంచి ఒక్కటీ కనబడలేదు. ముప్ఫై ఏళ్ల పనిలో ఒక్క అక్షరం కూడా కనబడలేదు. ఆయనకి బాధేమీ అనిపించలేదు. ఇంత పెద్ద ఊరికి పైకప్పులు ఇంత మురికిగా ఉంటాయని ఎవరికీ తెలీదు కదా అని మాత్రం అనుకున్నాడు. ఆరేసిన దుప్పట్లు, పాత టైర్లు, కుర్చీ మీద ఎండకి కునుకు తీస్తున్న ఒక ముసలాయన, ఎవరో దాచుకున్న సైకిలు. విమానం ఒక పక్కకి వంగి తిరుగుతుంటే వాటినే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు ఏవో చెబుతున్నాడు. ఈసారి నోట్లో దూది లేకపోయినా, పెయింటరు 'ఆఁ' అంటూనే ఉన్నాడు.

దిగి షెడ్డులోకి వచ్చాడు. అక్క బల్ల దగ్గరే ఉంది, పక్కన ఊఁ గారు.

"ఎలా ఉంది? ఏం కనబడింది?" అని అడిగింది.

పెయింటరు ఆలోచించాడు.

"మన నీళ్ల ట్యాంకు మూత తీసుంది," అన్నాడు.

అక్క త్రాసు సర్ది పెట్టెలో పెట్టి, ఊఁ గారికి వెళ్లొస్తానని చెప్పి, బస్సు కోసం గబగబా నడిచింది. ఇంటికెళ్లి మేడెక్కి చూస్తే నిజంగానే తీసి ఉంది. లోపల ఒక పావురం ఈక తేలుతోంది.